ఇత్తడి బాణాల మీద సిల్వర్ రంగు

నా చేతికి రంగు బ్రష్ దొరికితే ఇంట్లో ఏ వస్తువుకూ దిక్కు లేదంటాడు మా ఆయన. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. గేటుకు రంగు వేద్దామని మొదలుపెట్టి, డబ్బా అడుగున మిగిలింది పారబోయడానికి చేతులు రాక, కిటికీ ఊచలకు, నీళ్ల డ్రమ్ము మూతకు, చివరికి తులసి కుండీకి కూడా పూసిన మనిషిని నేను. రంగు డబ్బాలోనే ఎండిపోతుంటే నాకు వండిన అన్నం పారేసినట్టే ఉంటుంది.

కిందటేడు ఆయుధ పూజకు ముందు రోజు కూడా ఇదే బుద్ధితో ఒక పని చేశాను. అది సరిదిద్దుకోవడానికి నాకు వారం పైన పట్టింది.

మేం జహీరాబాద్ దగ్గరి పల్లె నుంచి బీదర్‌కు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయనకు ఊరి చివర కొల్హార్ పారిశ్రామికవాడలో ఒక చిన్న కారఖానాలో లేత్ మిషన్ మీద పని. ఇనుప కడ్డీలు, ఇత్తడి కడ్డీలు మిషన్‌కు బిగించి, తిప్పుతూ కోసి, కావలసిన మందానికి తెచ్చే పని అది. తలవెంట్రుకంత తేడా వచ్చినా ఆయన వేలికి తెలిసిపోయేది. నేను కుట్టిన జాకెట్టు చేతులు కొలవకుండానే, వేళ్ల మధ్య పట్టుకుని చూసి, ఒకటి పొడుగైందని చెప్పేవాడు. చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండేది. టేపు పెట్టి చూస్తే నిజమే అయ్యేది.

ఆ కారఖానాలో భోజనాల గదిలో గోడకు ఒక డార్ట్ బోర్డు ఉండేది. గుండ్రంగా, ఎరుపూ ఆకుపచ్చా గడులతో, దూరం నుంచి చిన్న బాణాలు విసిరి గుచ్చే ఆట. బోర్డుతో వచ్చిన బాణాలు ఏడాది తిరక్కుండానే విరిగిపోతే, మా ఆయన మిగిలిపోయిన ఇత్తడి ముక్కలతో నాలుగు సొంతంగా చేశాడు. చిటికెన వేలంత ఇత్తడి కడ్డీ, ముందు గోనె సంచులు కుట్టే దబ్బనం ముక్క, వెనక పాత ఫైలు అట్ట నుంచి కత్తిరించిన ప్లాస్టిక్ ఈకలు. వేళ్లు పట్టుకునే చోట సన్నగా, అడ్డదిడ్డంగా, వజ్రాల ఆకారంలో గీతలు కోశాడు. దాన్ని వాళ్లు నర్లింగ్ అంటారు. చెమట చేతికి జారకుండా పట్టు దొరకడానికట. ఆ గది కూల్చి కొత్తది కట్టినప్పుడు బోర్డును బయట పారేస్తే, బాణాలతో సహా ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాడు. ఆ సామాను చూసి నేను సణిగిన సణుగుడు ఇప్పటికీ మా ఆయన అప్పుడప్పుడు నాకే వినిపిస్తుంటాడు.

కిందటేడు ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. పెద్దది కాదన్నారు డాక్టర్లు. మాట బాగానే ఉంది. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచేవాడు. కుడిచేయి మాత్రం మొండికేసింది. బలం కొద్దికొద్దిగా వచ్చింది కానీ వేళ్లకు స్పర్శ తెలిసేది కాదు. నున్నటి వస్తువు ఏది పట్టుకున్నా జారిపోయేది. స్టీలు గ్లాసు రెండుసార్లు ఒళ్లో పడ్డాక, నేనే దాని నడుముకు నాలుగు రబ్బరు బ్యాండ్లు చుట్టాను. అప్పటి నుంచి చాయ్ ఒలకలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వ్యాయామం చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజుకు ఇన్నిసార్లు నొక్కమంది. ఆయన రెండు రోజులు నొక్కి బంతిని మంచం కిందికి దొర్లించాడు. మూడో రోజు అటక వైపు చూపించి, "గా బోర్డు దించు" అన్నాడు. నాలుగు బాణాల్లో మూడే దొరికాయి. మొదట్లో గోడ నుంచి రెండడుగుల దూరంలో నిలబడి విసిరితే బోర్డుకు తప్ప అన్నిటికీ తగిలేవి. సున్నం పెచ్చులు ఊడుతుంటే నేను అరిచేదాన్ని. ఆయన పట్టించుకునేవాడు కాదు. రోజులు గడిచేకొద్దీ ఒక్కో అడుగు వెనక్కి జరిగాడు. వానాకాలం పోయేసరికి వంటింటి గడప దగ్గర నిలబడి విసిరినా మూడూ బోర్డులోనే దిగుతున్నాయి.

సాయంత్రాలు నేను జొన్నరొట్టెలు చేసుకుంటుంటే పక్కన ఈ ఆట నడిచేది. మూడుసార్లు టక్ మని చప్పుడు. తర్వాత ఈడ్చే కాలుతో నడుచుకుంటూ వెళ్లి, బాణాలు పీకి, మళ్లీ వచ్చేవాడు. ఆ లోపు నాకు ఒక రొట్టె అయ్యేది. అలా చప్పుళ్లు వింటూ రొట్టెలు లెక్కపెట్టుకోవడం అలవాటైపోయింది.

దసరా దగ్గరపడుతుండగా కారఖానా సేటు ఇంటికి వచ్చి చూశాడు. మంచివాడే. "మిషన్ మీద ఇంకొకర్ని పెట్టిన. ఏం జేయాలె, ఆగదు గదా పని. దీపావళి అయినంక ఒకసారి రా. ఏలు కుదురుతే చెకింగ్‌ల కూసోబెడ్త" అన్నాడు. తయారైన ముక్కలను కొలత పరికరంతో కొలిచి, సరిగా ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క వేసే పని అది. ఆ పరికరానికి ఉండే సన్నటి మరను వేళ్లతో తిప్పాలి. ఆ వేళ్లే కావాలి. ఆ రోజు రొట్టెలు అయిపోయాక కూడా చాలాసేపు చప్పుళ్లు వినిపించాయి.

ఆయుధ పూజ కొల్హార్‌లో చూడాలి. మిషన్లన్నీ కడిగి, తుడిచి, రంగులు వేసి, అరటి పిలకలు కట్టి, ఎవరి మిషన్‌కు వాళ్లే కుంకుమ పెట్టుకుంటారు. గుమ్మడికాయ పగలగొడతారు. పానా, సుత్తి, స్క్రూడ్రైవర్ కూడా కొత్త పెళ్లికూతుళ్లలా తయారవుతాయి. ఏటా ఆ రోజు ఆయన బూందీ లడ్డూ, మరమరాల పొట్లం పట్టుకుని, చేతులకు రంగు మరకలతో ఇంటికి వచ్చేవాడు. కిందటేడు మాత్రం పొద్దున్నుంచి మంచం మీదే, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంట్లోనే ఘనంగా చేద్దామని నేను ముందు రోజే నడుం కట్టాను. గేటు వెనక సగం డబ్బా సిల్వర్ రంగు ఉంది. సుత్తికి వేశాను. కత్తిపీటకు, కుట్టుమిషన్ కాళ్లకు, పానాకు వేశాను. ఇంకా మిగిలింది. కిటికీలో ఆ మూడు బాణాలు కనిపించాయి. చేతుల జిడ్డుకు ఇత్తడి నల్లబడి, చూడ్డానికే నాకు రోతగా ఉండేవి. ఈకలు పీకి, గీతల్లోకి కూడా పోయేలా బ్రష్ తిప్పి తిప్పి రెండు పూతలు వేశాను. దారం కట్టి బట్టల తీగకు వేలాడదీస్తే తళతళలాడాయి. మరునాడు ఈకలు మళ్లీ గుచ్చి, పీట మీద సుత్తి పక్కన, కత్తిపీట ముందు, మూడింటినీ వరసగా పెట్టి, పసుపు కుంకుమ అద్ది, ఒక్కోదానికి ఒక్కో బంతిపువ్వు పెట్టాను.

ఆయన వచ్చి కూర్చున్నాడు. వాటి వైపు చాలాసేపు చూశాడు. "మంచిగ జేసినవ్" అన్నాడు. రంగు చూసి సంబరపడ్డాడనుకున్నాను.

దసరా వెళ్లింది. మరుసటి సాయంత్రం చప్పుడు లేదు. చెయ్యి నొప్పన్నాడు. తర్వాతి రోజూ అంతే. మూడో రోజు రొట్టె తడుతుంటే టక్ మంది. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఒక్కటే చప్పుడు. వెంటనే అడుగులు. మళ్లీ ఒకటే చప్పుడు. మళ్లీ అడుగులు. నాలుగైదు సార్లయ్యాక కుర్చీ కిర్రుమంది. పెనం మీద రొట్టె మాడిపోతోందని కూడా నాకు తెలియలేదు.

పిండి చేతులతోనే వెళ్లి చూశాను. ఆయన చేతిలో నల్లటి బాణం ఒకటి ఉంది. ఎప్పటి నుంచో కనబడని నాలుగోది, ట్రంకుపెట్టె వెనక వెతికి తీసుకున్నాడట. నా సిల్వర్ బాణాలు మూడూ బుద్ధిగా కిటికీలో కూర్చున్నాయి. అప్పటికే ఆయనకు ఆయాసం. ఒక్క బాణం కోసం ఆ కాలుతో గోడ దాకా అన్నిసార్లు నడవడమంటే మాటలా?

"ఇవెందుకు ఏస్తలేవు?" అన్నాను.

"గవి పూజల పెట్టినవి గదా. ఉండనీ."

"పూజ అయిపోయింది. ఒకటి ఏసి సూపియ్యి."

తీసుకున్నాడు. చెయ్యి ఎత్తాడు. విసరకముందే బాణం వేళ్ల మధ్య నుంచి జారి నేల మీద పడింది. దబ్బనం మొన ఆయన పాదానికి జానెడు దూరంలో టైలుకు తగిలింది. ఆయన వంగబోతుంటే నేనే తీశాను. కళ్లు మూసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పి చూశాను. నా గాజెంత నున్నగా ఉందో అదీ అంతే ఉంది. ఆ నల్లదాన్ని తిప్పితే ఒక్కో గీతా వేలికి తగులుతోంది. ఆ గీతల్ని పట్టుకునే ఆయన వేళ్లు అన్ని నెలలు పని నేర్చుకున్నాయి. వాటిని నేను రెండు పూతలతో పూడ్చేశాను.

గ్లాసుకు రబ్బరు బ్యాండ్లు చుట్టిన తెలివి, బాణాల దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందో! సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. ఆయన మీద కూడా కోపం వచ్చింది. చెబితే నోటి ముత్యాలు రాలతాయా?

"రేపే రంగు తీసేస్త" అన్నాను.

"వద్దు. తీయకు."

"దీపావళి పదిహేను దినాలే ఉంది!"

"వద్దంటున్న గదా" అని అటు తిరిగి పడుకున్నాడు. అలిగాడనుకున్నాను. అలిగినా సరే, తీసి తీరాలనుకున్నాను. మొండితనంలో నేను ఆయనకు తక్కువేం కాదు.

మరునాడు ఆయన వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్లగానే ఈకలు పీకి పక్కన పెట్టి పని మొదలుపెట్టాను. మా ఇంట్లో ఇత్తడి అంటే చింతపండే మందు. గుప్పెడు నానబెట్టి, ఉప్పు వేసి, చేతులు పుళ్లు పడేలా తోమాను. రంగు ఇంకా మెరిసింది. దానికి స్నానం చేయించినట్టయింది. అప్పుడు రంగుల దుకాణానికి పోయి థిన్నర్ తెచ్చాను. తలుపులు, కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, అంతా జాగ్రత్తగానే చేశాను. కానీ చాయ్ తాగి పారేసే ప్లాస్టిక్ గ్లాసు ఒకటి చేతికందితే దాంట్లో థిన్నర్ పోసి బాణాలు వేశాను. రెండు నిమిషాల్లో గ్లాసు అడుగు కరిగి కూర్చుంది. థిన్నరంతా వాకిట్లోకి పారింది. బాణాలు ఆ ప్లాస్టిక్ బంకలో బోర్లా పడ్డాయి. ఏడుపొచ్చింది. ఇక లాభం లేదని అంట్లు తోమే స్టీలు పీచు పట్టుకుని గడపలో కూర్చున్నాను.

మా వాకిలికి ఎదురుగా బిద్రీ పని చేసే పెద్దాయన ఇల్లు. నల్లటి లోహంలో సన్నగా గాడి తీసి, వెండి తీగ పొదుగుతాడు. వాడలో అందరం చాచా అంటాం. థిన్నర్ వాసనకు ముక్కు మూసుకుని అద్దాల మీది నుంచి చూస్తున్నాడు. పీచు చూడగానే గట్టిగా కేకేశాడు.

"అరే బేటీ, ఆగు ఆగు! గా పీచు పెట్టకు. రంగుతోని గీతలు గూడ సాఫ్ అయితయ్."

లేచి వచ్చి, బాణం తీసుకుని, కంటి దగ్గర పెట్టుకుని తిప్పాడు. "ఎవలు కోసిండ్రు ఇది?"

"మా ఆయన."

"చేయి మంచిది" అన్నాడు. ఇంకోసారి తిప్పాడు. "గాజు సీసల నానబెట్టు. మూత బెట్టు. పొద్దుమీకేదాంక ముట్టకు. గట్లనే కత్తి, సూది ఏం పెట్టకు. ఎదురు పుల్లతోని గీకు. ఎదురు ఇత్తడిని గీరదు. మేం గాడిలున్న మన్ను గట్లనే తీస్తం."

వెదురు పుల్ల ఎక్కడ తెచ్చేది అనుకుంటూ లోపలికి వచ్చాను. దేవుడి గూట్లో ఆయుధ పూజ నాటి అగరుబత్తి పుల్లలు స్టాండుకు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. పైన కాలిపోగా మిగిలిన వెదురు ముక్కలు. వాటినే తీసి, కొసలు బ్లేడుతో చెక్కుకున్నాను. ఊరగాయ సీసా ఖాళీ చేసి థిన్నర్ పోసి బాణాలు ముంచి, మూత బిగించి, పెరట్లో నీడన పెట్టాను. నా వల్ల కాని పని ఏదైనా ఉందంటే అది ముట్టకుండా ఉండడమే. సాయంత్రంలోపు ఆరుసార్లు వెళ్లి చూశాను. ముట్టలేదు.

పొద్దు వాలేసరికి రంగు ఉబ్బి, ముడతలు పడి, పైపూత పొరలుగా ఊడి వచ్చింది. గీతల్లోది మాత్రం రాలేదు. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, పుల్లతో గీకడం మొదలుపెట్టాను. అరగంటలో గోరంత మేర కూడా శుభ్రం కాలేదు. మొదటి బాణానికి రెండు రోజులు పట్టింది. ఆయన కనిపించగానే కొంగు కింద దాచేదాన్ని. థిన్నర్ వాసన దాగేదా? అంతా తెలిసినా తెలియనట్టే తిరిగాడు.

రెండోదాని మీద కూర్చున్న రోజు, వెనక నుంచి గొంతు వినిపించింది. "గట్ల గాదు. అడ్డం గీకుతున్నవ్. గీత ఎటు పోతే పుల్ల అటే పోవాలె."

చెయ్యి చాచాడు. ఇచ్చాను. పుల్ల మొదట జారింది. మళ్లీ పట్టుకున్నాడు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టి, ఒక్కో గీతలోంచి వెండి రంగు పొడిని తీయసాగాడు. మిషన్ మీద పని చేసేటప్పుడు కూడా నాలుక అలాగే పెడతాడని కారఖానావాళ్లు నవ్వేవారు. నేను చూడలేదు. అప్పుడే చూశాను. నేను సీసా పట్టుకుని, బ్రష్ అందిస్తూ పక్కన కూర్చున్నాను. వద్దన్న మనిషి ఇప్పుడెందుకు చేస్తున్నాడని అడగాలనిపించింది. అడిగితే మానేస్తాడేమోనని ఊరుకున్నాను. రబ్బరు బంతితో పట్టని ఓపిక ఆ పుల్లతో నాలుగు సాయంత్రాలు పట్టాడు.

మూడూ శుభ్రమయ్యాక, సబ్బునీళ్లతో కడిగి తుడిస్తే ఇత్తడి పాతగా, మచ్చలు మచ్చలుగా ఉంది. నా చెయ్యి దానంతట అదే చింతపండు డబ్బా మీదికి పోయింది. "వద్దు తల్లీ, నీకు దండం పెడ్త. వాటిని గట్లనే ఉండనీ" అన్నాడు. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. చాలా నెలల తర్వాత ఆయన అలా నవ్వడం.

మరునాటి సాయంత్రం రొట్టెలు తడుతూ చెవి అటే పెట్టాను. టక్. రొట్టె మీద చెయ్యి ఆగింది. టక్. టక్. ఇక అడుగులు వినిపిస్తాయనుకున్నాను. టక్ మని ఇంకొకటి. నాలుగు. ఆ తర్వాత అడుగులు. చప్పుళ్లు పెరిగాయి కాబట్టి నాకు తీరిక కూడా పెరిగింది. రొట్టెలు ఇంకా పలచగా వచ్చాయి.

దీపావళి వెళ్లిన సోమవారం ఆటోలో కొల్హార్ వెళ్లాడు. జేబులో ఒక బాణం పెట్టుకోవడం నేను చూశాను. మధ్యాహ్నానికి వచ్చి, చెప్పులు విడుస్తూ, "రేపటి నుంచి రమ్మన్నడు. చెకింగ్‌ల" అన్నాడు. అంతే. నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చి వచ్చి అన్నం పెట్టాను.

మొన్న మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. కారఖానా నుంచి బూందీ లడ్డూ, మరమరాల పొట్లం తెచ్చాడు. నేను పీట కడిగి, సుత్తి, కత్తిపీట వరసగా పెడుతున్నాను. ఆయన తనంతట తానే నాలుగు బాణాలు తెచ్చి సుత్తి పక్కన పెట్టాడు.

"రంగు ఎయ్యవా?" అన్నాడు వేళాకోళంగా.

అప్పుడు అడిగాను, ఏడాదిగా కడుపులో ఉన్న మాట. "కిందటేడు తీసేస్తనంటె ఎందుకు వద్దన్నవ్? జారి పడుతున్నయని ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

ముందు దీపం వత్తి సరిచేశాడు.

"గా దినం పొద్దుగాల్నుంచి ఒకటే యాది. నా మిషన్‌కు ఇంకొకడు కుంకుమ పెడ్తుండు, నాకు పూజ జేస్కుంటందుకు ఒక్క సామాను గూడ లేదు అని. వచ్చి చూస్తె పీట మీద నాయి మూడు ఉన్నయ్. ఆట బొమ్మలని ఎవలన్న అంటరు. నువ్వు పనిముట్ల పక్కకు పెట్టినవ్. పువ్వు గూడ పెట్టినవ్. గా రంగు తీయుమని నోరెట్ల వస్తది?"

నిజం చెప్పాలంటే అప్పుడు నేను అంత ఆలోచించలేదు. రంగు మిగిలింది, బాణాలు కనిపించాయి, వేశాను. ఆ మాట ఆయనతో చెప్పలేదు, ఇక ముందూ చెప్పను.

కుంకుమ భరిణె తీసుకున్నాను. గీతలకు తగలకుండా, ప్లాస్టిక్ ఈకల మీద మాత్రమే, నాలుగింటికీ నాలుగు బొట్లు పెట్టాను.